బొక్కలు

నలభై రెండు బొక్కల షవర్ మాది.
లెక్క పెట్టింది నేనే, మొన్న ఐతారం,
స్టూలెక్కి, కొంగు నడుముకు చెక్కి.
పారేటివి పదకొండు.
అండ్ల రెండు గోడ దిక్కు,
ఒకటి సక్కగ సబ్బు డబ్బలకు.
మిగిలినయన్ని తెల్లగ పూడుకపొయినయి.

చింతపండు పులుసుల రాత్రంత నానేసిన.
సూదితోని పొడిస్తే సూది ఇరిగింది.
జానీమియా వచ్చి, చేతుల పట్టుకొని బరువు చూసి
"అక్కా, ఇది షవర్ గాదు, రాయి" అన్నడు.
తాగనీకె కృష్ణ నీళ్ళొస్తున్నయి గని
తానానికి ఇప్పటికీ బోరే మాకు.
నాలుగువందల ఫీట్ల కిందికెల్లి
ఉప్పును, సున్నాన్ని, ఇంకోదాన్ని మోసుకొస్తది.
ఆ ఇంకోదాని పేరు మా దిక్కు పిల్లలకు గుడ తెలుసు,
అవ్వల పండ్ల మీద పచ్చగీతలు చూసి చెప్తరు.

దేవరకొండ బస్టాండు ఎనక దుకాణంల
గోడ నిండ షవర్లే.
ఒకటి పొద్దుతిరుగుడు పువ్వంత,
ఒకటి రొట్టెల పెనమంత,
ఒకటి నీలం లైటు వెలిగేది.
"జల్లు, మసాజు, వాన. మూడు మోడ్లు మేడం"
అన్నడు పిలగాడు.
మా దిక్కు వానకు ఒకటే మోడు, రాకపోవుడు.

ధర చీటి తిప్పి చూసిన. మళ్ళ తిప్పి పెట్టిన.
నాకైతే ఆ పెనమంతది నచ్చింది.
దాని కింద కండ్లు మూసుకొని నిలబడ్డట్టు,
అంగన్‌వాడీల పొద్దంత అంటిన పిండి, పిల్లల చీమిడి
కాళ్ళ సందుల నుంచి కారిపోయినట్టు
ఒక్క నిమిషం అనుకున్న.

అప్పుడు అక్క యాదికొచ్చింది.
ఈదమ్మ. నాకంటె ఆరేండ్లు పెద్ద.
మర్రిగూడ దిక్కు ఒకటే చేదబావి మా ఇద్దరిది.
నేను చదువుకోను మేనత్త ఇంటికి పోయిన, అది ఉండిపోయింది.
ఆ నీళ్ళే దాని బొక్కల్ల పేరుకున్నయి.
ఎన్నుపూస కొడవలి. మెడ లేవది. మోచెయ్యి సాగది.
మగ్గు తలదాంక పోది.
పదేండ్లాయె మా ఇంట్ల షవర్ ఎట్లుంటదో అది చూసింది లేదు.
దానికి ఎరికైంది మెడెనక పడే నీళ్ళే.

ఫోన్ చేసిన. ఎసొంటిది తేవాలె అంటే
"నాకేంది, నీ ఇష్టం" అన్నది.
కొద్దిసేపు ఊకుంది.
"ముందలికెల్లి నీళ్ళొచ్చేది ఉంటదా?
మొకం మీద నీళ్ళు పడితె ఎట్లుంటదో మర్చిపోయిన."

పిలగాడు తల గోక్కుంట లోపలికి పోయి
దుమ్ము డబ్బ ఒకటి తెచ్చిండు.
గోడకు బిగిచ్చేది, నా అరచెయ్యంత.
"మెడ ఎటంటె అటు తిరుగుతది మేడం.
రబ్బరు మొనలు, ఏలుతోని రాస్తే సున్నం రాలిపోతది."
ఆ మాట మళ్ళొక్కసారి చెప్పిచ్చుకున్న.
గ్యారంటీ ఐదేండ్లు. కింద సన్నక్షరాలు:
ఉప్పునీళ్ళకు వర్తించదు.
మాకేది వర్తించింది గనుక.

జానీమియా కింది నల్లా పైపుకు కలిపి
నా నడుమెత్తున బిగిచ్చిండు.
"మరీ కిందికైతదక్కా" అని రెండుసార్లన్నడు.
రెండు పెడితే ట్యాంకు బలం చాలదని
పై బొక్కకు తెల్ల బిరడ కొట్టిండు.

అక్క పీట మీద కూసుంది.
తలుపు దగ్గరికేసి నేను బయట నిలబడ్డ.
నీళ్ళ సప్పుడు, ఎంతకూ ఆగది.
నడుమ నడుమ పుక్కిలిచ్చి ఉమ్మినట్టు,
బుగ్గలూది ఇడిసినట్టు,
నాకు తెల్వని ఆడిపిల్ల ఎవరో లోపల ఉన్నట్టు.
ట్యాంకు అడుగంటిందాక నేను పిలవలే.

ఇప్పుడు తలకు పోసుకోవాలంటె
ఇంట్ల అందరం వంగాలె.
మా ఆయన మూలుగుతడు, కాలేజీ పోయే బిడ్డ తిట్టుకుంటది.
వంగితే కనిపిచ్చేది ఇంతే:
బండల సందుల నాచు, అరిగిన సబ్బు ముక్క,
సొంత కాలి ఏళ్ళు.

నెల కాలే, అప్పుడే నాలుగు మొనల మీద తెల్లగ.
ఏలుతోని రాసిన.
రాలింది.