నీళ్ళ కళ్ళజోడు

ఆత్మకూరు బస్టాండు దగ్గర వ్యానాపుతా.
అందరూ దిగి టీ తాగుతారు, చెంగమ్మ దిగదు.
ఒళ్ళో పులుసు సట్టి, మూతి మీద తడిగుడ్డ.
జొరమొచ్చిన చంటిబిడ్డను పట్టుకున్నట్టు
రెండు చేతులా పట్టుకోని కూచోనుంటాది.
గతుకొస్తే అద్దంలో నన్ను చూస్తాది,
ఆ చూపుకే నేను గేరు మారుస్తా.

గైడు రహంతుల్లా ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి
ప్రతి ఆదివారం చెప్పేదే చెప్తాడు:
"పొద్దున కోట, మద్దేన్నం భోజనం, ఎండ వాలినాక గుహ నీళ్ళు.
మనిషికి పదమూడొందలు, చేపల పులుసు అందులోనే.
రెండో ముక్క మాత్రం చెంగమ్మ దయ."

ఉదయగిరి.
పోయిన వారం కోటకి గోడలు పన్నెండన్నాడు,
ఈ వారం పదమూడు.
నేను కింద టైర్లు తన్ని చూసుకుంటా నవ్వుకున్నా.
అబద్ధం కాదులే,
ఎక్కేవాడి ఆయాసాన్ని బట్టి గోడలు పెరగతా ఉంటాయి.

నేనొక్కసారే ఎక్కా.
పైన కప్పులేని గదిలో ఒక రాయి,
రాతికి బెజ్జం,
తాడు ఒరిసీ ఒరిసీ లోపలంతా నున్నన.
రహంతుల్లా చెప్పిన రాజుల పేర్లన్నీ దిగే లోపలే మర్చిపోయా.
ఆ తాడుకి ఏం కట్టేవాళ్ళో, రాత్రిళ్ళు అది ఎంత గుంజుకునేదో
ఇప్పటికీ బండి తోలేటప్పుడు గుర్తొస్తాది.

సీతారాంపురం దాటినాక చింతచెట్టు కింద ఆకులు.
రాగిసంగటి, ఊరుబిండి,
రాత్రి కాగి తెల్లారికి కుదురుకున్న పులుసు,
మామిడి ముక్కలు అడుగున దాక్కోనుంటాయి.
ఉదయగిరి కొయ్య గంటెతోనే వడ్డిస్తాది,
ఇనపది తగిలితే ముక్క నలుగుద్దంట.
హైదరాబాదాయన అడిగాడు, ముల్లు లేనిది లేదా అని.
"ముల్లు లేని చేప ఏ ఏట్లో ఈదుద్ది నాయనా?"
అని ఆయన ఆకులో తోకముక్కేసింది.

భైరవకోన.
రాతిలో దేవుళ్ళు, పైనించి దూకే నీళ్ళు.
ఆ పక్కన బండల కింద ఒక సొరంగం, సగం దాకా నీళ్ళే.
దానికి పేరు లేదు. రహంతుల్లా కూడా పెట్టలేదు.
పదిమందికి నీళ్ళ కళ్ళజోడు ఒక్కటే,
ట్రంకు రోడ్డులో కొన్నది, రబ్బరు తెగితే పురికొస కట్టాడు.
మనిషికి మూడు నిమిషాలు, ఫోనులో లెక్క.
ఒకరి తల మునుగుద్ది, తొమ్మిదిమంది గట్టు మీద
ఊపిరి బిగబట్టుకోని కూచుంటారు.

ఆఖరున కావలి పిల్లోడు.
నీళ్ళ దాకా పోయి, కాలు తడుపుకోని,
"నా మూడు నిమిషాలు నాకొద్దు" అన్నాడు.
కళ్ళజోడు రహంతుల్లా చేతిలో నీళ్ళోడతా ఉంది.
అటు చెంగమ్మ ఇసకతో సట్టి తోముతా ఉంది.
నలభై ఆదివారాలు వచ్చిందీడికి,
మోకాలు దాటి ఎప్పుడూ తడవలా.
"అమా" అన్నాడు. అంతే అన్నాడు.

కొంగు నడుముకి దోపింది.
నెరిసిన ముడి మీద పురికొస బిగించుకుంది.
దిగింది.

ఫోను నొక్కడం రహంతుల్లా మర్చిపోయాడు.
గుర్తున్నా నొక్కేవాడు కాదేమో.

లేచి, జుట్టు పిండుకుంటా చాలాసేపు మాట్లాడలా.
ఏం కనపడిందని కావలి పిల్లోడే అడిగాడు.
"చేపలు. మొకం దాకా వచ్చి నిలబడినయ్.
ఇన్నేళ్ళూ వాటిని సచ్చినాకే చూశా గదా,
సట్టిలోంచి అట్టా కళ్ళు తెరుచుకోని చూస్తా ఉంటే
నా మీద కోపమనుకునేదాన్ని.
బతికున్నప్పుడూ అట్నే చూస్తాయిరా అబ్బయ్యా."
కాసేపాగి,
"ఇంకెవరివైనా నిమిషాలు మిగిలినాయా?"

తిరుగుదారిలో చీకటి.
అందరూ ఒకరి భుజం మీద ఒకరు నిద్ర.
చెంగమ్మ ఒళ్ళో ఖాళీ సట్టి,
అయినా రెండు చేతులూ దాని మీదే, మూతి మీద తడిగుడ్డ.
మర్రిపాడు దగ్గర గతుకు.
లోపల ఏందో తొణికింది.

ఏందమ్మా అని అడగలా.
గేరు మార్చా.