లైను

పాట నాకు తలుపు సందులోంచి వస్తాది.
ఎవురన్నా తోసినప్పుడు నాలుగు ముక్కలు,
తలుపు మూసుకుంటే గోడలోంచి దబ్ దబ్ దబ్.
అంతే.
ఆరేండ్లుగా ఈ కోరమంగల పబ్బులో
ఒక్క పాట పూర్తిగా ఇన్న పాపాన పోలే.

నా తావు ఆడోళ్ళ బాత్రూము.
ఒక ప్లాస్టిక్ స్టూలు, ఒక మాపు, టిష్యూల పెట్టె,
బకెట్లో నీళ్ళు.
ఆ నీళ్ళు చూస్తే చాలు, ఏ పాటో చెప్తా.
పంజాబీదైతే అంచుల నుంచి నడిమికి ఒణుకుతాయి.
మన తెలుగు మాస్ పాటకు
మగ్గు పోయి బకెట్టుకు కొట్టుకుంటాది, తప్పెట మాదిరి.
కన్నడ పాట రాత్రికి రెండుసార్లుండె,
గలాటా అయినాక నాలుగు చేసినారు.
ఇంగ్లీషుదానికి నీళ్ళు కదలవు,
పైపు మాత్రం గుయ్యంటాది.

ఒకరోజు పాటలేసే పిల్లోడు వచ్చి
తలుపు బయటే నిలబడినాడు.
చిరంత్ అంట. హాసన్ తట్టు వాళ్ళది.
మెడలో హెడ్‌ఫోను, ఎద్దుకు పలుపు మాదిరి.
"ఓబులమ్మా, నిన్న పదకొండుకు ఈడ ఎంతమంది?"
కన్నడంలో అడిగినాడు,
నేను నా కదిరి కన్నడంలో చెప్తిని:
పదకొండుకు పదకొండు మందే. లైను అద్దం దాటింది.
"అప్పుడేసింది ఏ పాట?"
"ఆయమ్మి సాగదీసి సాగదీసి పాడతాది సూడు, అది."
ఫోను తీసి ఏదో కొట్టేసినాడు.

అప్పట్నుంచి ఎవురికీ తెలీదు గానీ
శనివారం రాత్రి ఈడ ఏ పాట ఉండాల్నో, ఏది పోవాల్నో
చెప్పేది స్టూలు మీద కూసున్న నేను.
జనం ఎగిరేది ఆ పిల్లోనికి కనపడతాది,
జనం ఇసుక్కునేది నాకు.

హిట్టంటే ఏందో నన్నడగండి.
బాత్రూము ఖాళీ.
ఆ నాలుగు నిమిషాల్లో అద్దాలు తుడుస్తా,
కాళ్ళు సాపుకుంటా,
డబ్బాలో చిత్రాన్నం రెండు ముద్దలు తింటా.
నా లెక్కలో హిట్టు పాటంటే రెండు ముద్దలు.

ఒకసారి అట్లాంటి పాటకే
పచ్చ గౌను పిల్ల ఒకతె ఉరుక్కుంటా వచ్చి
తడి నేల మీదే కూలబడింది.
కాటుక గడ్డం దాకా.
"అది మా పాట ఆంటీ" అనె.
బయట మూడొందల మంది అదే పాటను అరస్తాండారు.
అందరిదీ కదమ్మా అనబోయి
టిష్యూ ఇచ్చి ఊరుకుంటిని.

పోయిన శుక్రవారం చిరంత్ మళ్ళా వచ్చినాడు.
"పన్నెండూ ఇరవైకి ఒకటేస్తా. నేను చేసింది.
లెక్కపెట్టు" అని
నా మొగం చూడకుండా పోయినాడు.

పన్నెండూ ఇరవై.
నీళ్ళు నాకు తెలిసినట్ల ఏదీ చెయ్యలే.
ఉండుండి ఆగె. ఆగి,
కాగిన పాల మీద మీగడ కదిలినట్ల కదిలె.
ఒకతె వచ్చె. ముగ్గురొచ్చిరి. లైను అద్దం కాడికొచ్చె.
ఒకతె లిప్‌స్టిక్కు దిద్దుకుంటా
డీజేని ఇంగ్లీషులో తిట్టె.
ఇంకొకతె ఫోనులో క్యాబు చూసుకుంటాంది.
ఎప్పుడు లేచినానో, ఏమో,
స్టూలు బయటికీడ్చి
తలుపుకు కాలడ్డం పెట్టి కూసుంటిని.
"తలుపు మూయండి ఆంటీ, ఏసీ పోతాంది."
"ఉండమ్మా" అంటిని.
మొదట్నుంచి చివరిదాకా
ఇంటిని.

ఒంటిగంటకు లైట్లేసినారు.
నేల మీద గాజుపెంకులు, ఎవురిదో ఒంటి చెప్పు.
పిల్లోడు వచ్చినాడు.
"ఎంతమంది?"
మాపు పిండతా అబద్ధం ఎతుకుతిని,
నోటికి రాలే.
"తొమ్మిదిమంది లోపలికొచ్చిరి నాయనా.
ఒకరు బయటికొచ్చిరి."
"ఒకరా? ఎవురు?"
నేను బకెట్టు ఎత్తుకుని లోపలికి పోతిని.
వెనక్కి తిరిగి చూస్తే
ఆ పిల్లోడు ఇంకా ఆడే,
తలుపు బయట నేను మరిసిపోయిన
స్టూలు దిక్కు చూస్తాండాడు.