లాడాల పద్దు

మా నాన్న ట్రాము గుర్రాలకు లాడాలు కొట్టేవాడు,
ఇస్తాంబుల్‌లో, షిష్‌హానే ఎత్తు కింద రేకుల షెడ్డులో,
నూట పన్నెండు గుర్రాలకీ
ఒక్క మనిషికీ.

ఆ మనిషి హుర్షిత్.
ట్రాముకు పది బారల ముందు పరిగెత్తడం అతని ఉద్యోగం.
"వర్దా! వర్దా!" తప్పుకోండి, తప్పుకోండి అంటూ
మూటల హమాలీల్నీ, పెరుగు కావిళ్లవాళ్లనీ,
పట్టాల మీద పడుకున్న కుక్కల్ని మాత్రం పేరు పెట్టి, మర్యాదగా.
ఊరు పెరుగుతోంది. నెలకో వీధి పుట్టేది.
రాళ్ల బాట నెల తిరక్కుండా అతని జోళ్లు తినేసేది.
విరిగిన లాడం ముక్క వంచి నాన్న మడమలకు బిగించేవాడు,
పద్దులో రాసేవాడు:
అరవై ఒకటి, బూడిదరంగుది, కుడి ముందుకాలు.
అరవై రెండు, నల్లది, నాలుగూ.
హుర్షిత్, రెండూ.

ఎత్తు దగ్గర ఇంకో జత గుర్రాల్ని కట్టేవాళ్లు.
హుర్షిత్‌కి జత లేదు.
పైకెక్కాక మోకాళ్లు పట్టుకుని వంగి
ఆడవాళ్లకు వినపడకుండా దగ్గేవాడు.
ఆడవాళ్ల తెర సందులోంచి నేను చూశాను. ఏడేళ్లు నాకు.

యుద్ధం వచ్చిన ఏడు, ఆకులు రాలే రోజుల్లో
సైన్యం గుర్రాల కోసం వచ్చింది.
"మిహ్రాన్ ఉస్తా, పద్దు తే."
అధికారి వరసగా చదివాడు.
అరవై ఒకటి. ఇదిగో.
అరవై రెండు. ఇదిగో.
హుర్షిత్.
షెడ్డంతా నవ్వింది. అధికారి నవ్వలేదు.
కాళ్లు చూశాడు, వయసు అడిగాడు.
"ఇదిగో" అన్నాడు హుర్షితే,
వీధిలో అరిచినట్టు, గొంతెత్తి.

ఏడాది పైగా ఊరు కాలినడకన బతికింది.
పట్టాల గాడిలో వాననీళ్లు నిలిస్తే
పిల్లలం కాగితప్పడవలు వదిలాం.

తర్వాత తీగలొచ్చాయి. గుర్రం లేని బండి
ఆ ఎత్తును ఆయాసమన్నది లేకుండా ఎక్కింది.
డ్రైవరు కాలి కింద గంట.
నాన్న చుట్టూ తిరిగి చక్రాలు చూశాడు,
"దీనికి నాతో పనిలేదు" అని టిక్కెట్టు కొన్నాడు.
మలుపులో చింతకాయలా వంగిన ముసలాయన
గంట మోగినా కదల్లేదు. బ్రేకులు కీచుమన్నాయి.
"మనిషి పిలిచుంటే తప్పుకునేవాడు," అన్నాడు నాన్న
ఎవరితోనో కాదు, కిటికీతో.

పద్దు ఇప్పుడు నా దగ్గరుంది.
గుర్రాలన్నిటి మీదా అడ్డగీతలున్నాయి.
చివర్న: హుర్షిత్, మడమలు రెండు, బాకీ నలభై పారాలు.
కొట్టెయ్యమని అమ్మ ఎన్నిసార్లు పోరిందో.
ఇస్తాడులే, అనేవాడు నాన్న,
వీధిలో గంట మోగుతున్నా
తలెత్తకుండా.