రెండు గళ్ల కాగితం

సిరిపురంలో ఒక హోటల్, మూడో అంతస్తు.
ఏసీ మరీ ఎక్కువైన హాలు.
జీడిపప్పు పకోడీ ఎప్పుడో చల్లారిపోయింది.
వర్మ మైకు దగ్గరికి లాక్కుని
"మన యూనియన్ వైఖరి" అన్నాడు,
అయిదోసారి.

వైఖరి ఏమిటో మాత్రం
అయిదుసార్లూ చెప్పలేదు.

వెనక వరసలోంచి కూర్మారావు లేచాడు.
ముప్పై ఏళ్లు విమానాల్లో మెత్తటి ఇంగ్లీషు మాట్లాడినవాడు,
కోపం వస్తే నేరుగా టెక్కలిలో దిగిపోతాడు:
"ఏటి బాబూ, ఉంచుతారా, దించుతారా?
ఆ ఒక్క ముక్కా సెప్పీ!"
నవ్వులు.
వర్మ కూడా నవ్వి, నీళ్లు తాగి,
టీ విరామం ప్రకటించాడు.

వేసవి మొదట్లో ఒక కాగితం పంపారు మాకు.
అరవై అయిదు చాలు, ఇదొక గడి.
అరవై ఏడు దాకా ఎగరనివ్వండి, ఇదొక గడి.
పెన్ను పట్టుకుని గంట కూర్చున్నాను.
ఇంజిన్‌లో పక్షి పడ్డ రోజు కూడా
నిర్ణయానికి అంతసేపు పట్టలేదు నాకు.
ఏ గడిలో టిక్కు పెట్టానో
మా ఆవిడకి సైతం చెప్పలేదు.

ఆ కాగితాలు ఎవరు లెక్కపెట్టారు?
ఏ బీరువాలో ఉన్నాయి?
"సభ్యుల మనోభావాలు పైకి చేరవేశాం సార్" అంటాడు.
పైకి అంటే ఎక్కడికయ్యా?
ముప్పై ఏడు వేల అడుగుల ఎత్తున
ఏళ్ల తరబడి తిరిగినవాణ్ణి,
అక్కడ నాకెవరూ కనబడలేదు.

ఈ వర్మే ఒకప్పుడు నా కుడిపక్క సీటు.
ఒక అక్టోబరు సాయంత్రం, అడ్డగాలి,
రన్‌వే నా కళ్లముందు పక్కకి జారిపోతుంటే
దిగుదామనే మొండికేశాను.
"సార్, గో అరౌండ్!" అని అరిచాడు.
కెప్టెన్ మీద, నామీద, అరిచాడు.
ఆ రోజు తప్పు నాది.
ఆ నోరు చూసే కదా ఓటేశాను,
రెండుసార్లు.

మూడు రోజుల తర్వాత హైదరాబాదు నుంచి తెల్లవారు ఫ్లయిటు.
పక్కన మజ్జి సుచరిత.
ఎడమ సీటు కోసం నాలుగేళ్లుగా వరసలో ఉంది.
రాజమండ్రి దాటాక
ఇంధనం లెక్క చదివే గొంతుతోనే అంది:
"మీరు రెండేళ్లుంటే నాకు రెండేళ్లు పోతాయి సార్."
"నిజమే" అన్నాను.
"మరి నువ్వే గడిలో పెట్టావమ్మా?"
"నాకు కాగితమే రాలేదు.
ఫస్ట్ ఆఫీసర్లకి తర్వాత పంపుతామన్నారు."

కాసేపు ఇద్దరం కిటికీల్లోకి చూశాం.
ఒకే మనిషి మీద రెండు కోపాలు,
ఒకటి తూర్పుకి, ఒకటి పడమరకి,
మధ్యలో థ్రాటిల్.

సముద్రం మీద మలుపు తిరిగాం.
ఎడమవైపు డాల్ఫిన్స్ నోస్,
కింద ఫిషింగ్ హార్బర్‌లో ఒకదాన్నొకటి రాసుకుంటూ పడవలు,
మల్కాపురం వైపు రిఫైనరీ మంట.
ఇవాళ దించేది ఆమె.
నా చేతులు ఒళ్లో ఉన్నాయి, వేళ్లు మాత్రం ఊరుకోవు.
అయిదు వందలు. నాలుగు. మూడు.
ఒక కుదుపు, వెంటనే ఆమె సర్దింది,
నేను సర్దేదానికన్నా అర క్షణం ముందు.
నోరు విప్పే అవసరం రాలేదు.

ప్రయాణికులు దిగిపోయాక ఫోను తెరిచాను.
వర్మ మెసేజి:
"సార్, వచ్చే నెల మీ సన్మానానికి
జ్ఞాపిక మీద పేరు తెలుగులోనా, ఇంగ్లీషులోనా?"

ఓహో.
అదన్నమాట వైఖరి.

ఫోను ఆమెకిచ్చాను. చదివి,
నవ్వబోయి, మానుకుంది.
అప్పుడు చెప్పాను
నా టిక్కు ఏ గడిలో పడిందో.
ఆమె నా ముఖం కేసి చాలాసేపు చూసింది.
"మరి ఆ హాల్లో లేచి చెప్పలేదేం సార్?" అంది.

దానికి నా దగ్గర జవాబు లేదు.
టెక్ లాగ్ నా వైపు జరిపింది.
కెప్టెన్ సంతకానికి
అందులో ఒకటే గడి.
కళ్లజోడు వెతుక్కుని
పెట్టాను.