వాక్ సైకిల్

సారు ఇచ్చిన బొమ్మకు మోకాళ్లు మస్తుగ వంగుతయ్.
కంట్రోలర్ పట్టి గుంజితె చాలు, ఎటంటె అటు.
ఇరవై నాలుగు ఫ్రేములల్ల రెండడుగులు.
మడిమె ఆనుడు, బరువు దిగుడు,
ఒక కాలు ఇంకో కాలును దాటుడు, లేసుడు,
మళ్ల మొదటికి.
తెల్లందాక నడిచినా
ఎక్కడికీ పోని నడక.

నల్లగొండ రామగిరిల మూడో అంతస్తు మీద రేకుల రూము.
టేబుల్ ఫ్యాను నాకు గాదు, ల్యాప్‌టాప్‌కు.
రెండిటుకల మీద కూసోని అది ఆయాసపడుతుంటె
నేను అట్టముక్కతోని ఇసురుకుంట కూసుంట.
"అంతా కరెక్టే ప్రవళికా," అన్నడు సారు,
"బరువే లేదు. వీడు నేల మీద నడుస్తలేడు."

బరువు యాడ దొరుకుతదో నాకెర్క.

ఐతారం మర్రిగూడ బస్సెక్కిన.
బత్తాయి తోటలు ఎండి, నరికి, పొయిల కట్టెలైన దారి.
అండాలు పెద్దమ్మ వాకిట్ల చాట వట్టుకోని ఉన్నది.
చిన్నప్పటి సంది తాగిన బోరు నీళ్లు
బొక్కలల్ల గడ్డగట్టినయ్ ఆమెకు.
మోకాలు మడవది.
తుప్పువట్టిన గేటు తీసినట్టు
నడుం కాడికెల్లి కాలు తిప్పి ముందట పెడ్తది.
ఫోను తీసిన. రికార్డు నొక్కిన.
"కాళ్లు తియ్యకు బిడ్డా," అన్నది.
"వచ్చినోళ్లందరు కాళ్లే తీస్కపోయిండ్రు.
పేపర్ల గవ్వే, గోడ మీది బొమ్మల గవ్వే.
నాకు మొకమున్నదని ఎవ్వలకు యాదికి రాలే."

మొకం తీసిన. నవ్వింది. చాయ్ పోసింది.
నడక మాత్రం దొరకలే.

తిరుగు బస్సుల
చండూరు కాడ పాత టాకీసు దాటినం. ఇప్పుడది పత్తి గోదాం.
అండ్లనే పెద్దమ్మ ఆడోళ్ల దిక్కు టార్చి కొట్టేది.
నాకు టికెట్టు లేకుండె, ఆమె కొంగే టికెట్టు.
తెగిన రీలు ముక్కలు ఆపరేటర్ ఇస్తె
ఎండకు పట్టి చూస్తుంటి.
ఒకే మనిషి, ఒకే గోడ, పదకొండు సార్లు.
ఒక బొమ్మకు, పక్క బొమ్మకు ఏం తేడానో
ఎంత చూసినా తెల్వకపోయేది.
ఇప్పుడు ఫీజు కట్టి గదే ఎతుకుతున్న.

సినిమా నడుస్తుంటె నా కండ్లు తెర మీద ఉండకపోయేది.
చీకట్ల, నేల మీద, ఒక గుండ్రటి వెలుగు.
పెద్దమ్మ కనవడది. కాళ్లు కనవడయ్.
వెలుగే ఊగుకుంట వచ్చేది
పక్కకు ఒరిగి, లేసి, గుంజుకోని, నిలవడి.
వేరేటోళ్లు గాదు, ఆమెనే అని
వెలుగును చూసే చెప్తుంటి.

సారు బొమ్మను డిలీట్ కొట్టిన.
తెరంత నలుపు నింపిన.
అండ్ల పల్చటి పసుపు వెలుగు, పళ్లెమంత.
ఎడమ కాలుకు పందొమ్మిది ఫ్రేములు, కుడికి పన్నెండు.
వెలుగు అంచుకు పల్లికాయ పొట్టు,
తెగిన చెప్పు, నిద్రవోయిన పిల్లగాని అరికాలు
వస్తయ్, పోతయ్.
ముప్పై ఒకటి అయినంక మళ్ల మొదటికి గాదు,
వరుస ముందుకు జరుగుతది.
ఈ నడక ఎక్కడికో పోతది.

రెండుసార్లు కరెంటు పోయింది.
మూడో రాత్రికి రెండర్ అయ్యింది.

"నడిచే మనిషేది?" అన్నడు సారు.
ఇరవై అయిదుకు పదకొండు ఏసిండు.
ఏసినంక, ఎందుకో, ఇంకోసారి ప్లే కొట్టిండు.

పెద్దమ్మకు ఫోన్ల చూపిచ్చిన.
కండ్లద్దాలు మీదికి జరుపుకోని రెండుసార్లు చూసింది.
"మూడో వరుస కాడ మెట్టుండె," అన్నది,
"ఆడ జర ఆగకపోతె పడిపోతం బిడ్డా."

రూముకొచ్చి ఫైలు తెరిచిన.
మూడో వరుస కాడ
ఎనిమిది ఫ్రేములు ఆగింది వెలుగు.