ముప్పై ఒకటో ఏప్రిల్

ఏప్రిల్ ఒకటిన మా రాష్ట్రానికి ఉగాది.
ఖజానా మాత్రం తెరుచుకోలేదు.
పెద్దలు పై అంతస్తులో తలుపులేసుకుని
ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నారు.

నా పని కింద, నేలమాళిగలో.
బిల్లు అచ్చుకెళ్ళే ముందు
దాని మీద పడే చివరి కళ్ళు నావి.
ఇరవై ఆరేళ్ళుగా అల్బనీలో
చట్టాల్లోంచి తప్పులు ఏరుతున్నాను,
పప్పులోంచి రాళ్ళేరినట్టు.

మొదటి చేబదులు మూడు రోజులకి.
రెండోది నాలుగు రోజులకి.
తర్వాత ఒక వారం. ఆ తర్వాత మళ్ళీ రెండే రోజులు.
పొరుగింటికెళ్ళి గ్లాసుడు పంచదార అడిగినట్టు
రాష్ట్రం తన ఇంటి తలుపు తానే తట్టి
తన డబ్బే తాను అడుక్కుంటోంది.
కాగితం అదే, మాటలవే,
మారేది తేదీ ఒక్కటే.
ఎదిగే పిల్ల గౌను అంచు విప్పి
వేలెడు కిందికి దించి కుట్టినట్టు.
దినగండం నూరేళ్ళాయుష్షు అని
మా రాష్ట్రానికి ఎవరో జాతకం రాసే ఉంటారు.

మా మరిది ఎల్డన్ టగ్ హిల్లులో మంచు తోసే బండి నడుపుతాడు.
అక్కడ ఏప్రిల్‌లోనూ మోకాల్లోతు.
ఫోన్ చేసి ఒకటే అడుగుతాడు:
"వెర్నా, శుక్రవారం దాకా ఉన్నానా?"
ఉన్నావు.
"సోమవారం?"
సోమవారం ఇంకా అచ్చు కాలేదు, ఎల్డన్.

వాడు నయం, కాగితంలో ఉన్నాడు.
ట్రాయ్‌లో చర్చి కింది గదిలో
బడి వదిలాక ముప్పైనలుగురు పిల్లల్ని చూసుకునే
ఒఫీలియా బాప్టిస్ట్ లేదు.
'జీతాలకు మాత్రమే' అని ఉంది అక్కడ.
ఆమెది జీతం కాదు, ఒప్పందమట.
పేజీలన్నీ తిరగేశాను.
తప్పులు వెతికి వెతికి అలవాటైన కళ్ళకి
లేనివి కూడా కనబడతాయి.
పిల్లల బిస్కెట్లు సొంత కార్డు మీద కొంటోంది,
రెండో కార్డు.

ఆరో బిల్లు వచ్చింది, రాత్రి ఒంటిగంట నలభైకి.
పైన ఏ నిద్రమొహం కుర్రాడు కొట్టాడో,
'ఏప్రిల్ ముప్పై ఒకటి వరకు చెల్లును.'

నవ్వాను. గదిలో ఇంకెవరూ లేరు.
తర్వాత నవ్వు ఆగిపోయింది.

ఆ రోజు రాదు కదా.
రాని రోజు దాకా చెల్లే డబ్బు
ఎన్నటికీ ఆగదు కదా!
ఎల్డన్ ఫోన్ పక్కన పడేసి పడుకుంటాడు.
పైవాళ్ళు ఆ తలుపుల వెనకే
గడ్డాలు నెరిసేదాకా మాట్లాడుకోవచ్చు.
కుట్టక్కర్లేదు, విప్పక్కర్లేదు.
ఒఫీలియాని కూడా ఆ రోజులోకి లాగేశాను,
నా ఊహే కాబట్టి,
ముప్పైనలుగురికీ నారింజపళ్ళు ఒలిచి పెట్టించాను.

ఎర్ర పెన్సిల్ గాల్లో ఉండిపోయింది,
గోడ పక్క వేడి గొట్టం
రెండుసార్లు దగ్గేంత సేపు.

'ఒకటి' కొట్టేశాను.
తప్పు దిద్దడం నా ఉద్యోగం.
ఆ ఉద్యోగానికి జీతం
ఈ కాగితంలోనే ఉంది,
ముప్పయ్యో తేదీ దాకా.

దిద్దిన ప్రూఫుని చించెయ్యాలి, నియమం.
చించలేదు. మడిచి సంచిలో వేసుకున్నాను,
దొంగిలించినట్టే అనుకోండి.

మే తొమ్మిదిన అసలు బడ్జెట్ దిగింది,
రెండు చేతులా ఎత్తలేనంత లావు.
పైన చప్పట్లు కొట్టుకున్నారట, కిందికి వినబడలేదు.
ఒఫీలియాకి చెక్కు జూలైలో వచ్చింది,
అప్పటికి బడులకి సెలవులు.
వడ్డీ ఎవరిస్తారని నన్నడిగింది,
నేనేదో ప్రభుత్వమైనట్టు.

ఆ కాగితం మా ఫ్రిజ్ మీద ఉంది,
నిమ్మకాయ బొమ్మ అయస్కాంతం కింద.
ఎల్డన్ వచ్చినప్పుడు చూశాడు,
బూట్ల మంచు దులుపుకుంటూ, పెదాలు కదుపుతూ చదివాడు.
"ఇదెప్పుడు?" అన్నాడు.