సన్న పంచరు

ఉలవపాడు దాటినాక
పెంచలప్రసాదు ముందుకొచ్చినాడు.
ఎదురుగాలి, సముద్రం వైపు నించి, ఉప్పుగా.
మిగతా పద్నాలుగు మందీ తలలొంచుకోని
ఒకడి వీపు వెనక ఒకడు దాక్కుంటుంటే
వీడొక్కడు గాలిని భుజంతో నెట్టుకుంటా
తెట్టు కాడికి అరకిలోమీటరు చేసినాడు ఎడం.
నేను వెనక జీపులో, ఒళ్ళో రెండు చక్రాలు.
"చూడు కాలేషా, చూడు!"
కోదండం సారు నా తొడ మీద కొడుతుండాడు.

చూస్తానే ఉండా సారూ.
పోయినేడు ఇదే రోడ్డు మీద
టంగుటూరు రాకముందే కక్కుకున్న పిల్లోడు.

ముసునూరు టోలుగేటు కాడ గెలిచినాడు.
దండ, ఫోటో, కంపెనీ టీములో చోటు,
నెలకింతని రాసిన కాయితం.

సాయంత్రం కందుకూరు షెడ్డులో
సైకిలు విప్పి తుడుస్తుంటే
సీటు కింది సంచిలోంచి రాలింది
ఒక నీలం రబ్బరు మూత.
చిటికెన వేలి గోరంత.
మధ్యలో సూది పోయిన గుర్తు.

సారుకు షుగరు. ఊరందరికీ తెలుసు.
టిఫినుకు ముందు చొక్కా ఎత్తి
పొట్టకు పొడుచుకోవడం నేనే చూసినా.
ఆయనదే అయ్యుంటది.
అయితే ఈ సంచిలోకెట్టా వచ్చింది?
సంచి సర్దింది ఎవురు?
నేనే.

ఈ చక్రాల కోసం సారు
పెళ్ళాం గాజులు కుదవ పెట్టినాడు.
బ్యాంకు బయట నేనే నిలబడ్డా, ఎండలో,
ఆయన వచ్చి చెమట తుడుచుకోని నవ్వినాడు.
అట్టాంటి మనిషిని...

మా నాయన బండలాగుడు పందేలకు
ఒకాసామి ఎడ్లజత తోలేవాడు.
మోకు బిగించే ముందు ఎవరో వచ్చి
వెదురుగొట్టంతో గిత్త గొంతులో ఏదో పోసేవాడు.
నాయన అటు తిరిగి చుట్ట ముట్టించేవాడు.
ఆ యేడు బండ గీత దాటింది.
నాయనకు పంచెల చాపు పెట్టినారు.
గిత్త మూడురోజులు తవుడు ముట్టలా.
ఏమయింది నాయనా అంటే
"ఎండ" అన్నాడు.

నాకు తెలిసింది చక్రం.
ఆకు వదులైతే మీటితే చెప్తది,
వంకర తిరిగితే బ్రేకుకు రాసుకోని చెప్తది.
ట్యూబు సన్నగా దిగుతుంటే
నీళ్ళ బేసిన్లో ముంచి తిప్పుతా,
యాడో ఒకచోట
పల్లేరు ముల్లు పెట్టిన బుడగ లేస్తది.
ఈ మూతని
ఏ నీళ్ళల్లో ముంచేది?

పరీక్ష చేసేవాళ్ళు రారా అంటే
"పెద్ద పందేలకేలే" అన్నాడు సారు.
నేనడిగింది మూత గురించి కాదు.
మూత గురించి అడగలా.
చొక్కా జేబులో వేసుకోని అడిగినా, అంతే.

రాత్రి పదింటికి ప్రసాదు వచ్చినాడు.
దండలోని పువ్వు రేక ఒకటి
మెడకు అంటుకోని ఉంది ఇంకా.
"నిద్ర పట్టడంలా మామా.
పడుకుంటే గుండె చెవుల్లో కొట్టుకుంటది.
గెలిస్తే అట్టానే ఉంటదా?"

ట్యూబులైటు చుట్టూ ఉసుళ్ళు.
రోడ్డు మీద చీమకుర్తి రాయి లారీ ఒకటి
షెడ్డు రేకుల్ని వణికించి పోయింది.

నేను అటు తిరిగి పంపు అందుకున్నా.
"ఎంత గాలి కొట్టమంటావురా?"

"సారు చెప్పినంత, మామా."